కృష్ణా రామా అనండి, కానీ కూర్చుని కాదు

(ఖమ్మంలో పెద్దల కోసం జరిగిన ఒక సమావేశంలో ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకి నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులోకి గాలి కొడుతోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. నిజం చెప్పాలి. పోయిన దసరా నుంచి ఇప్పటిదాకా ఒక్కసారైనా కింద పడ్డవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... నాలుగు. నలుగురేనా? సరే, ఇంకోలా అడుగుతాను. కాలు జారి గోడ పట్టుకుని ఆగినవాళ్లు? మంచం మీద నుంచి లేవబోయి మళ్లీ మంచం మీదే కూలబడ్డవాళ్లు? పడ్డాం కానీ దెబ్బ తగల్లేదు, అందుకని ఎవరికీ చెప్పలేదు అనేవాళ్లు? చూశారా, ఇప్పుడెన్ని చేతులు లేచాయో.

ఎందుకు చెప్పలేదమ్మా? చెబితే పిల్లలు ఏమంటారో మీకు తెలుసు. "నిన్నెవరు వెళ్లమన్నారు? కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోవచ్చు కదా" అంటారు. ప్రేమతోనే అంటారు. కడుపులో పెట్టుకుని చూసుకునే పిల్లలే అంటారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఒక్క మాట గురించే. ఆ మాట వల్ల మనుషులు పడుతున్నారు. అవును, నేను సరిగ్గానే అన్నాను. కూర్చోబెట్టడం వల్ల పడుతున్నారు.

లెక్కలు రెండు చెప్పి వదిలేస్తాను. 65 ఏళ్లు దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడతారు. 70 దాటాక ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు. ప్రమాదాల వల్ల పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. రోడ్డు ప్రమాదాలకైతే హెల్మెట్ ఉంది, చలానా ఉంది, స్పీడ్ బ్రేకర్ ఉంది. దీనికేముంది మన దగ్గర? "వయసు మీద పడింది కదా, పడ్డారు" అనే మాట తప్ప ఏముంది?

మా అమ్మ సంగతి చెబుతాను. చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, అయినా చెబుతాను.

మా నాన్న పోయాక అమ్మ ఊళ్లో ఒక్కతే ఉండేది. అప్పటికి ఆమెకి 70 దాటాయి. నేను, మా తమ్ముడు కూర్చుని మాట్లాడుకుని గేదెని అమ్మేశాం. వాకిలి ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గు వేయడానికి ఒక అమ్మాయిని పెట్టాం. బావి దగ్గరికి వెళ్లకుండా మోటారు బిగించాం. మంచి కుర్చీ ఒకటి కొన్నాం, వెనక్కి వాలితే కాళ్లు కూడా పైకి లేస్తాయి చూడండి, అలాంటిది. ఎదురుగా టీవీ. "నువ్వింక ఏ పనీ చేయకు అమ్మా" అన్నాం. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. కంటే ఇలాంటి పిల్లల్ని కనాలి అన్నారు.

అదివరకు అమ్మ రోజుకి ఎన్నిసార్లు కింద కూర్చుని లేచేది? ముగ్గు వేస్తూ ఎన్నిసార్లు నడుం వంచేది, ఎన్నిసార్లు పక్కకి జరిగేది? కత్తిపీట ముందు కూర్చోవడం, లేవడం. గేదె పక్కకి తోస్తే కాలు ఊని నిలబడటం. అవన్నీ ఒక్క నెలలో ఆపేశాం. మూడేళ్లలో ఆమె తొడలు సన్నబడ్డాయి. వెళ్లినప్పుడల్లా బీపీ చూసేదాన్ని, షుగర్ చూసేదాన్ని. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలవమ్మా అని ఒక్కసారీ అడగలేదు. రోజూ క్లినిక్‌లో పదిమందిని అదే అడుగుతాను. ఇంట్లో అడగలేదు.

ఒక తెల్లవారుజామున, నాలుగింటికి, కరెంటు లేదు. బాత్రూమ్ పెరట్లో. పెరటి గుమ్మం దగ్గర బండ తడిగా ఉంది. గడప దాటి కాలు పెట్టింది, జారింది. పక్కకి పడింది. తుంటి ఎముక విరిగింది. అరిస్తే వినేవాళ్లు లేరు. పాలు పోసే ఆవిడ వచ్చేదాకా గంటన్నర ఆ తడి బండ మీదే పడి ఉంది.

ఆపరేషన్ అయింది, బాగానే అయింది. ఎముక అతికింది. కానీ ఇంటికొచ్చాక అమ్మ అడుగు వేయనంది. వాకర్ ఇస్తే వద్దంది. "మళ్లీ పడతానేమో" అనే ఒక్క మాట. ఆ భయంతో మంచం దిగదు, దిగకపోతే కాళ్లు ఇంకా సన్నబడతాయి, సన్నబడ్డ కాళ్లతో లేస్తే నిజంగానే పడుతుంది. ఒకసారి పడ్డవాళ్లని మంచాన పడేసేది చాలాసార్లు ఎముక కాదు, ఈ భయమే. తుంటి విరిగాక ఒక్క ఏడాదిలో కన్నుమూసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మీ వీధిలో కూడా ఒకరిద్దరు గుర్తొస్తున్నారు కదా?

అమ్మ ఎలా లేచిందో తర్వాత చెబుతాను. మర్చిపోతే గుర్తు చేయండి.

ఇప్పుడొక విషయం అర్థం చేసుకుందాం. మనిషి తూలడం వేరు, పడటం వేరు. తూలనివాళ్లు ఎవరు? పాతికేళ్ల కుర్రాడు కూడా అరటి తొక్క మీద కాలేస్తే తూలుతాడు. కానీ పడడు. ఎందుకు? నిలదొక్కుకుంటాడు. ఒక కాలు ఠక్కున పక్కకి పడుతుంది, తొడ కండరం బిగుస్తుంది, చెయ్యి లేస్తుంది. ఇదంతా సెకనులోపే అయిపోతుంది. మనకి వయసొచ్చాక పోయేది ఈ నిలదొక్కుకునే నేర్పు. నేర్పు అంటున్నాను చూడండి. నేర్పు అంటే వాడకపోతే పోతుంది, సాధన చేస్తే మళ్లీ వస్తుంది. 80 ఏళ్లకి కూడా వస్తుంది.

ముక్కాలి పీట చూశారు కదా? మన నిలకడ కూడా మూడు కాళ్ల మీద ఉంటుంది. ఒకటి కళ్లు. రెండోది చెవి లోపలి భాగం, తల ఎటు వంగిందో మెదడుకి అదే చెబుతుంది. మూడోది అరికాళ్లు, కీళ్లు, కింద నేల ఎలా ఉందో చెప్పేవి. శుక్లాలొస్తే ఒక కాలు బలహీనపడుతుంది. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారితే ఇంకో కాలు. ఇక రాత్రి కరెంటు పోతే? అందుకే తెల్లవారుజామున, చీకట్లో, బాత్రూమ్‌కి లేచినప్పుడు పడతారు. ఆ వేళకి మనకి మిగిలేది కాళ్ల బలం, ఆ నేర్పు. అవి కూడా లేకపోతే ఇక పీట నిలబడదు.

మాటలు చాలు, ఒక చిన్న పరీక్ష చేద్దాం. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నవాళ్లు వద్దు, అవి వెనక్కి జారతాయి. ముందు వరసలో గోడకి ఆనించిన ఇనప కుర్చీలున్నాయి కదా, అందులోవాళ్లు మాత్రం. ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లు తిరుగుతున్నవాళ్లు కూర్చునే ఉండండి. చేతులు గుండెల మీద ఇలా కట్టుకోండి. చేతులు ఊనకుండా లేవాలి, పూర్తిగా నిలబడాలి, మళ్లీ కూర్చోవాలి. 30 సెకన్లు. నేను గడియారం చూస్తాను. మా పిల్లలు పక్కన నిలబడతారు, భయం లేదు. కానివ్వండి... చాలు, ఆపండి. ఎన్ని వచ్చాయి అన్నా మీకు? తొమ్మిదా? మీ వయసు? 72. అమ్మా, మీకు? 11. మీకు ఎన్నేళ్లు? 70. శభాష్.

70 నుంచి 74 ఏళ్ల మధ్య ఆడవాళ్లకి కనీసం 10 రావాలి, మగవాళ్లకి 12. అంతకన్నా తక్కువ వస్తే పడే అవకాశం ఎక్కువ అని అర్థం. అన్నా, మీరు అలా ముఖం చిన్నబుచ్చుకోకండి. తొమ్మిది అనేది ఇవాళ్టి లెక్క, అంతే. పెద్దవాళ్లతో మేము నడిపే బృందంలో ఒకావిడ ఆరుతో మొదలుపెట్టి అయిదు నెలల్లో 11కి వచ్చింది. దీనికి మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు. లేవడం, కూర్చోవడం, అంతే.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఒక మాట ఉంటుంది, నాకు తెలుసు. "నేను రోజూ లకారం చెరువు దగ్గర వాకింగ్ చేస్తాను మేడం, నాకేం భయం లేదు" అని. అవునా? నడక మంచిదే. గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, మనసుకి మంచిది. మానకండి. కానీ నడక ఒక్కటే చేస్తే పడటం తగ్గుతుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. ఎందుకో ఆలోచించండి. నడిచేటప్పుడు మనం ఎటు వెళతాం? ముందుకే. చదునుగా ఉన్న బాటలో, ఒకే వేగంతో, ముందుకే. మరి పడేటప్పుడు ఎటు పడతాం? పక్కకి పడతాం, వెనక్కి పడతాం. పక్కకి పడినప్పుడే తుంటి నేలకి కొట్టుకుంటుంది. రోజు మొత్తం మీద పక్కకి ఎన్ని అడుగులు వేస్తున్నారు? వెనక్కి ఎన్ని? లెక్కపెట్టుకోండి. చాలామందికి సున్నా.

పడటాన్ని తగ్గించే వ్యాయామం ఏదో తెలుసు, అందులో అనుమానం లేదు. 2019లో 108 పరిశోధనలని కలిపి చూశారు, 23,000 మందికి పైగా పెద్దవాళ్ల మీద చేసినవి. వ్యాయామం చేసినవాళ్లలో పడటం దాదాపు 23 శాతం తగ్గింది. నిలకడ వ్యాయామాలు, కండరాల బలం వ్యాయామాలు రెండూ కలిపి చేస్తే 34 శాతం దాకా తగ్గింది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలోనే ఇంట్లో చేసుకునే పద్ధతి ఒకటి తయారుచేశారు, అదీ బాగా పనిచేసింది. మరి చిక్కెక్కడ? చిక్కు ఇక్కడే ఉంది. మానేస్తే ఫలితం పోతుంది. వారానికి మూడు గంటల పాటు, నెలల తరబడి, ఏళ్ల తరబడి చేయాలి.

ఇరవై ఏళ్లకి పైగా నేను కాగితం మీద బొమ్మలు గీసి ఇస్తున్నాను. ఇది పదిసార్లు చేయండి, అది పదిసార్లు చేయండి అని. ఆ కాగితం ఏమవుతుంది? ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది. మొదటి వారం చేస్తారు. రెండో వారం మనవడికి జ్వరం. మూడో వారం పెళ్లి. నాలుగో వారం కాగితం కూడా ఉండదు. నేను వాళ్లని తప్పుపట్టను. ఒంటరిగా గోడ వైపు తిరిగి మడమలు ఎత్తి దించడం ఎవరికి ఇష్టం? ఎవరు చేస్తారు ఏళ్ల తరబడి?

మరి ఏళ్ల తరబడి మానకుండా చేసేవి ఏమున్నాయి? చైనాలో తాయ్ చీ అనే నెమ్మది కదలికల వ్యాయామం ఉంది, పార్కుల్లో గుంపులుగా చేస్తారు. జపాన్‌లో 1928 నుంచి రేడియోలో వ్యాయామం పాట వస్తుంది, దానికి పొద్దున్నే వీధివాళ్లంతా కలిసి కాళ్లూ చేతులూ కదుపుతారు. స్విట్జర్లాండ్‌లో జెనీవా నగరంలో ఒక పరిశోధన చేశారు, 2011లో అచ్చయింది. నాకు చాలా ఇష్టమైన పరిశోధన. 65 దాటిన 134 మందిని తీసుకున్నారు. వారానికి ఒక్క గంట, ఆరు నెలలు. పియానో వాయిస్తారు, దాని లయకి తగ్గట్టు వీళ్లు అడుగులు వేయాలి. లయ మారితే అడుగు మారాలి. ఒక్కోసారి తిరగాలి, ఒక్కోసారి చేతిలో ఏదో వస్తువు పట్టుకుని నడవాలి. ఆరు నెలలకి ఏమైంది? చేయనివాళ్లతో పోలిస్తే వీళ్లలో పడటం సగం కన్నా తగ్గింది.

అది చదివినప్పుడు నాకేం గుర్తొచ్చిందో ఊహించండి. లయ. అడుగు. తిరగడం. చేతిలో వస్తువు. లయ మారితే అడుగు మారడం. ఎక్కడో చూశాను ఇది. ఎక్కడ చూశాను? మీరు చెప్పండి... ఆఁ! గట్టిగా చెప్పమ్మా. కోలాటం!

కోలాటంలో ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. రెండు చేతుల్లో రెండు కోలలు. లోపల ఒక వరస, బయట ఒక వరస. పాట మొదలైంది. కుడికాలు పక్కకి పడింది, పక్కావిడ కోలకి మీ కోల తగిలించారు. అలా తగిలించాలంటే నడుం తిప్పాలి, బరువంతా ఒక కాలి మీదకి రావాలి. అర సెకను ఒంటికాలి మీద ఉన్నారు, మీకు తెలియకుండానే. తర్వాత వెనక్కి ఒక అడుగు. తర్వాత సగం తిరుగుడు, ఎదుటివాళ్లతో కోల. కళ్లు కోల మీద ఉన్నాయి, అంటే కాళ్ల వంక చూడటం లేదు. అరికాళ్లే నేలని చూసుకోవాలి. విజిల్ పడింది, కోపు, అంటే అడుగుల వరస, మారింది. ఇప్పుడు వంగి కింద కోల తాటించి లేవాలి. నోట్లో పాట ఆగకూడదు. మెదడులో లెక్క తప్పకూడదు.

ఇన్ని పనులు ఒకేసారి చేయడం ఎందుకు ముఖ్యమో చెబుతాను. 1997లో స్వీడన్ వాళ్లు వృద్ధాశ్రమంలో 58 మందిని గమనించారు. వాళ్లు నడుస్తుంటే పక్కన నడుస్తూ మాట కలిపారు. మాట్లాడాలంటే నడక ఆపేసినవాళ్లు 12 మంది. ఆ 12 మందిలో 10 మంది ఆరు నెలల లోపల పడ్డారు. అర్థమైందా? వాళ్లకి నడక ఒక్కటే మెదడు మొత్తాన్ని తినేస్తోంది. ఇంట్లో నడిచేటప్పుడు మనకి ఒక్క పనే ఉంటుందా? ఫోన్ మోగుతుంది, మనవరాలు పిలుస్తుంది, పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. పాట పాడుతూ, కోల కొడుతూ, అడుగు వేస్తూ ఉండే సాధన సరిగ్గా దానికోసమే.

ఒక మాట ఇక్కడ నిక్కచ్చిగా చెప్పాలి. ఆ 34 శాతం కోలాటానికి వచ్చిన లెక్క కాదు. ఆ పరిశోధనలన్నీ వేరే వ్యాయామాల మీద చేసినవి. కోలాటం చేస్తే ఇంత శాతం తగ్గుతుందని నేను మీకు మాటివ్వను. ఆ వ్యాయామాల్లో ఉన్న కదలికలు కోలాటంలో ఉన్నాయి, అదొక్కటే నేను అంటున్నది. లేనిది కూడా ఒకటుంది, బలం. తొడలకి బలం ఆట ఒక్కదానితో సరిపడా రాదు. అందుకే మా కోలాటం బృందంలో మేము రెండూ కలిపాం. ముందు 15 నిమిషాలు కుర్చీల దగ్గర, తర్వాత 40 నిమిషాలు కోలలతో.

మా అమ్మ సంగతికి వస్తాను. ఎవరో గుర్తు చేస్తున్నారు, మర్చిపోలేదమ్మా.

అమ్మ పెళ్లికాక ముందు వాళ్ల ఊళ్లో శ్రీరామనవమికి కోలాటం వేసేది. పాట ఎత్తుకునేది తనేనట. ఆపరేషన్ అయిన మూడో నెలలో, ఇంక ఏం చేసినా మంచం దిగడం లేదని, మా పిన్ని అటక మీద నుంచి పాత కోలలు రెండు తీసి తెచ్చింది. దుమ్ము పట్టి, ఒక చివర కొంచెం చీలి ఉన్నాయి. అమ్మని మంచం అంచున కూర్చోబెట్టి ఒక కోల చేతిలో పెట్టింది. పిన్ని పాట మొదలుపెట్టింది, తప్పుగా పాడింది. అమ్మకి ఆ తప్పు నచ్చలేదు. సరిచేస్తూ తనే ఎత్తుకుంది. రెండో చరణానికి కోల పిన్ని కోలకి తగిలింది. నేను గుమ్మంలో నిలబడి అమ్మ పాదాల వైపు చూస్తున్నాను. కుడిపాదం నేల మీద తాళం వేస్తోంది. మడమ ఆని, వేళ్లు లేచి పడుతున్నాయి. మూడు నెలలు నేను బతిమాలి చేయించలేని వ్యాయామం అది.

అక్కడి నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి వాకర్‌కి, వాకర్ నుంచి వరసలోకి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. తొందరగా ఏం అవలేదు. మధ్యలో ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు అమ్మకి 81. బయటి వరసలో వేస్తుంది, వంగే కోపు వచ్చినప్పుడు నిలబడి తాళం వేస్తుంది. పోయిన నవమికి మా బృందంతో భద్రాచలం వచ్చింది.

సరే, ఇప్పుడు మీరు మీ వీధిలో మొదలుపెట్టాలంటే ఏం కావాలి? పెద్ద ఖర్చేం లేదు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం అయిదింటికి మేము కలుస్తాం. కమ్యూనిటీ హాలు దొరికితే మంచిది, లేకపోతే గుడి మండపం. నేల పొడిగా ఉండాలి, జంపఖానాలు పరచకూడదు, అంచులకి కాలు తగులుతుంది. వట్టి కాళ్లతో వేయండి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు మాత్రం వట్టి కాళ్లతో వద్దు, మడమ పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు వేసుకోండి. చీర కుచ్చిళ్లు పాదం మీద పడకుండా కొంచెం ఎత్తి కట్టుకోండి. మగవాళ్లు లుంగీతో రావద్దు, ప్యాంటో పైజమానో వేసుకోండి.

మగవాళ్లని అడుగుతున్నాను, మీరెందుకు నవ్వుతున్నారు? కోలాటం ఆడవాళ్లదని ఎవరు చెప్పారు? చేతి చెక్కలు, అవే చిరుతలు, పట్టి ఆడింది ఎవరు? చెక్కభజనలో గజ్జె కట్టి ఎగిరింది ఎవరు? మీ తాతలే. మా బృందంలో 26 మంది ఉంటే అందులో మగవాళ్లు అయిదుగురే. రిటైరైన మాస్టారు ఒకాయన మొదట్లో భార్యని దింపడానికి వచ్చి స్కూటర్ దగ్గరే నిలబడేవారు. ఇప్పుడు విజిల్ ఆయన దగ్గరే ఉంది.

కుర్చీ దగ్గర చేసేవి నాలుగే. చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం. కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తడం. పట్టుకునే పక్కకి కాలు చాపడం. ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేళ్లు ఆనించి 10 సెకన్లు నిలబడటం. మొదట రెండు చేతులతో పట్టుకోండి, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక్క వేలు. ఎంత తేలికైతే అంత కష్టం పెంచుకుంటూ పోవాలి. కొంచెమైనా తూలకపోతే నేర్పు పెరగదు, కానీ పట్టుకోవడానికి ఏదో ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కోలాటంలో కూడా కొత్తవాళ్లని ఇద్దరు పాతవాళ్ల మధ్య నిలబెడతాం.

ఆఁ, అక్కడ చెయ్యి లేచింది, అడగండి పెద్దమ్మా... మోకాళ్ల నొప్పులున్నాయి, చేయొచ్చా అంటున్నారు. చేయొచ్చు. వంగే కోపులు వదిలేయండి, గెంతడం వద్దు. నొప్పి మరీ ఉంటే కుర్చీలో కూర్చుని కోలలు పట్టండి. మా దగ్గర నాలుగు కుర్చీలు వరస మధ్యలోనే వేస్తాం, పక్కన మూలకి కాదు. కూర్చున్నవాళ్ల కోలకి కూడా నిలబడినవాళ్లు వచ్చి తగిలించి పోతారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చేవాళ్లు, ఉన్నట్టుండి స్పృహ తప్పినవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగి రండి. ఇందులో మొండితనం వద్దు.

మందుల గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు తూలేలా చేస్తాయి. మీ అంతట మీరు ఆపకండి. మీరు వాడేవన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, "ఇందులో నన్ను పడేసేవి ఉన్నాయా?" అని అడగండి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకండి. కూర్చోండి, కాళ్లు కిందికి దించండి, పాదాలు పది సార్లు ఆడించండి, అప్పుడు లేవండి. ఇంట్లో బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి ఒక కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, గడప అంచుకి తెల్ల రంగు. దగ్గరికీ దూరానికీ ఒకే అద్దాలు వాడేవాళ్లు మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, కింది అద్దంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. ఇవి మీకు ఎవరైనా చెబుతారు, కాబట్టి ఎక్కువసేపు చెప్పను.

ఎవరూ చెప్పనిది ఒకటి చెబుతాను. పడ్డాక ఎలా లేవాలి? మా దగ్గర నెలకోసారి ఇది సాధన చేయిస్తాం. దీనికి మాత్రం జంపఖానా పరుస్తాం. పడ్డారనుకోండి, వెంటనే లేవకండి. ఊపిరి తీసుకోండి. ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి. కాలు కదపలేకపోయినా, తుంటి దగ్గర భరించలేని నొప్పి ఉన్నా లేవడానికి ప్రయత్నించవద్దు, అరవండి, చేతికందిన గిన్నెతో నేల మీద కొట్టండి. నొప్పి లేకపోతే పక్కకి ఒత్తిగిలండి. మోచేయి ఊని, చేతులూ మోకాళ్ల మీదకి రండి, పసిపిల్లలు పాకినట్టు. అలాగే కుర్చీ దాకానో మంచం దాకానో పాకండి. రెండు చేతులూ దాని మీద పెట్టండి, బలమైన కాలు ముందుకి మడిచి పాదం ఆనించండి, నొక్కి లేవండి, తిరిగి కూర్చోండి. కాసేపు అలాగే ఉండండి.

మొదటిసారి ఇది చేయించినప్పుడు ఒకావిడ జంపఖానా మీద పడుకుని ఏడ్చేసింది. భయమేసి కాదట. పదేళ్లుగా నేల మీద కూర్చోలేదట. "కింద కూర్చుంటే ఇంక లేవలేను అనుకున్నానమ్మా, లేచాను" అంది. తర్వాతి వారం మనవరాలితో నేల మీద కూర్చుని అష్టాచెమ్మా ఆడానని చెప్పింది.

పిల్లలు కొందరు వచ్చారు ఇక్కడికి, వాళ్ల అమ్మనో నాన్ననో దింపడానికి. మీతో ఒక్క మాట. మీ నాన్నగారు చెట్లకి నీళ్లు పోస్తానంటే పోయనివ్వండి. మీ అమ్మ బతుకమ్మకి తంగేడు పువ్వు తానే కోసుకొస్తానంటే తోడు వెళ్లండి, ఆపకండి. బతుకమ్మకి ఇంకా నెల రోజులుంది. తొమ్మిది రోజులు చుట్టూ తిరుగుతూ, వంగి చప్పట్లు కొడుతూ, పక్కకి అడుగులు వేస్తూ ఆడే ఆట అది. మీ అమ్మని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి మీరు ఫోటోలు తీసుకోకండి. ఈ నెల రోజులు ఆమెని సిద్ధం చేయండి. ఆమె వరసలో ఉండాలి.

ఇంక మాట్లాడను. అదిగో ఆ సంచిలో 40 జతల కోలలున్నాయి, మా మాస్టారు పంచుతారు. కుర్చీలన్నీ గోడకి జరపండి బాబూ, నాలుగు మాత్రం మధ్యలో ఉంచండి. చెప్పులు గుమ్మం దగ్గర కాదు, ఆ మూలకి పెట్టండి, దారికి అడ్డం లేకుండా. కొత్తవాళ్లు లోపలి వరస, మా బృందం వాళ్లు బయటి వరస. మొదటి కోపు చాలా తేలిక, కుడికి రెండడుగులు, ఎడమకి ఒకటి, ఎదుటివాళ్ల కోలకి ఒక తాటింపు. అన్నా, 30 సెకన్లకి తొమ్మిదిసార్లు లేచారు కదా, మీరు నా పక్కకి రండి. పాట ఎవరు ఎత్తుకుంటారు? మీరా పెద్దమ్మా? రండి, మైకు ఇదిగో.